గౌరవాధ్యక్షుడి సంతకం

మౌంట్ ఆల్బర్ట్‌లో మా తెలుగు సంఘానికి ఆయన గౌరవాధ్యక్షుడు, రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ఏ తీర్మానానికైనా ఆయన సంతకం ఉండాలి. పెన్ను క్యాప్ తీసి, "ఇంకోసారి ఆలోచించారా?" అనేవారు. "ఆలోచించాం అంకుల్," అంటే సంతకం పెట్టేసేవారు.

"మనం వలసొచ్చిన ఈ దేశపు రాజుగారికీ పార్లమెంటు చట్టాన్ని కాదనే అధికారం ఉందయ్యా. వాడారంటే అది కాస్తా పోతుంది," అన్నారొకసారి.

ఆదివారం తెలుగు క్లాసు ఎత్తేసే తీర్మానం తీసుకెళ్తే మాత్రం క్యాప్ పెట్టేశారు. "ముగ్గురు పిల్లలొస్తున్నారుగా."

వాదించే ఓపిక మాకెవరికీ లేదు. గౌరవాధ్యక్షుడి సంతకం అక్కర్లేదని నియమమే మారుస్తూ తీర్మానం రాశాం. ఆ మార్పుకీ ఆయన సంతకమే కావాలి.

నిదానంగా చదివి, క్యాప్ తీశారు. "ఇంకోసారి ఆలోచించారా?"

"ఆలోచించాం అంకుల్," అన్నాను, ఎప్పట్లాగే.

సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చారు. "ఇకనుంచి ఆ మాట నిన్ను నువ్వే అడుక్కోవాలయ్యా."