మూడో పూట పాలు

రుస్తాఖ్ నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నతను జగిత్యాల వైపు మనిషి. సైట్‌లో మేస్త్రీ పని. వచ్చే నెల ఇంటికెళ్లిపోయి డెయిరీ పెడతాడట.

"షెడ్డేసిన, గడ్డి కోసే మిషన్ కొన్న, క్యాన్లు తెప్పిచ్చిన మేడమ్. ఇగ బర్రెలే లెవ్వు," అని నవ్వాడు.

మొదటి బర్రె బేరం ఆరోజే తేలాలి. అమ్మేవాళ్లు ఒక పూట పిండకుండా ఆపి, పొదుగు నిండుగా చూపిస్తారు. అందుకే వరసగా మూడు పూటలు పిండి చూడనిదే వాళ్ల వైపు ఎవరూ కొనరట. అక్కడ అమ్మేవాళ్ల కొట్టంలో అతని భార్య, బకెట్ పక్కన ఫోన్ పెట్టుకుని మూడో పూట పిండటానికి కూర్చుంది. ఇక్కడ ఇతను ఒక ఇయర్‌ఫోన్ తీసి, చొక్కాకు తుడిచి నాకిచ్చాడు. కళ్లు మూసుకున్నాడు.

ఖాళీ బకెట్‌లో ధార మొదట ఖంగుమంది. పోనుపోను ఆ చప్పుడు నురగలో మెత్తబడింది.

"ఎట్లున్నది?" అందామె.

"మంచిగున్నది. ఇంటికి తోల్కపో," అన్నాడు, కళ్లు తెరవకుండానే.

ఇప్పుడు ఆస్పత్రిలో స్టెతస్కోప్ పెట్టుకున్నప్పుడు నేనూ కళ్లు మూసుకుంటున్నాను. "నిద్రొస్తోందా సిస్టర్?" అని తోటివాళ్లు నవ్వుతారు.

వింటున్నానంటాను.