కమేలా డాక్టరమ్మ

పరిశోధన చేసిన రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ముట్టని ప్లాస్కు ఒకటి ఉండేది. వారానికి రెండుసార్లు దాన్నిండా ఐసు నింపుకుని, మల్కాజ్‌గిరిలో మొదటి బస్సెక్కి, సికిందరాబాదు అవతల మేకల్నీ గొర్రెల్నీ కోసే కమేలాకు వెళ్ళేదాన్ని. "పంతులుగారి కూతురివి, కమేలాలో నీకేం పనే?" అని అమ్మ గొణిగేది. గొణిగి, నేను గుమ్మం దాటేలోపు నా పేరున ప్రార్థన కూడా చేసేది.

నాక్కావలసింది పొట్టేలు శుక్రాశయాలు. మూత్రసంచిని ఆనుకుని ఉండే రెండు చిన్న గ్రంథులు. ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తయారుచేసే ఎంజైము వాటిలో పుష్కలంగా ఉంటుంది. కోసిన వెంటనే ఐసులో పెట్టకపోతే పాడైపోతుంది. అక్కడి కసాయివాళ్ళు ఆ గ్రంథుల్ని పేగులతో కలిపి లాగేసేవారు, లేదా అడ్డంగా కోసేసేవారు. మొదటి రెండు నెలలూ నా పని బూడిదలో పోసిన పన్నీరే. ఎండాకాలం లోపు ఫలితాలు రాకపోతే ఈ అంశం వదిలేద్దామని మా గైడు సారు తేల్చి చెప్పారు.

అప్పుడు దొరికాడు, అక్కడే కోత పని చేసే ఒక పెద్దాయన. అరవై దాటిన మనిషి. కళ్ళు ఎటో చూస్తూనే వేళ్ళతో తడిమి, ఆ గ్రంథుల జంటను చిట్లకుండా తీసిచ్చేవాడు.

"అందరు మాంసం అడుగుతరు. నువ్వేందమ్మా పారేశేది అడుగుతున్నవ్?" అన్నాడు మొదటిరోజు.

నోట్లో నాలుక లేనిదాన్నేమీ కాదు నేను. అరగంట పాఠం చెప్పాను. ఒంట్లో దెబ్బ తగిలినచోట వాపూ నొప్పీ పుట్టించే సరుకు ఈ ఎంజైము చేతిమీదుగానే తయారవుతుందనీ, దీన్ని ఆపితే నొప్పి ఆగుతుందనీ చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టి చేతులు చాపాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి.

"గట్లయితే గిండ్ల సుత గదే ఉన్నట్టు."

"ఉన్నట్టే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ చదువైపోతే ఏమవుతావని అడిగితే, పేరు ముందు డాక్టరని రాస్తారని చెప్పాను. ఆ రోజునుంచీ నన్ను డాక్టరమ్మా అనే పిలిచాడు. ఆయన అనుకుంటున్నది వైద్యం చేసే డాక్టరని నాకు అర్థమైంది. దిద్దలేదు. వినడానికి బాగుంది, అంతే.

ఆ ఎంజైము రెండు ఒకేలాంటి ముక్కల జత, ఇద్దరు వీపు వీపు ఆనించి కూర్చున్నట్టు. కణం లోపలి పొరలో కాస్త దిగబడి ఉంటుంది. పొరలోంచి ఒక కొవ్వు ఆమ్లం దాని అడుగునున్న సన్నటి సందులోకి దూరి, లోపల ఆక్సిజన్‌ను చేర్చుకుని, రూపం మారి బయటికి వస్తుంది. నొప్పి మందు ఆ సందులో అడ్డం పడుతుంది. ఈ ఆకారమంతా చాలా ఏళ్ళ తర్వాత తేలిన సంగతి. అప్పట్లో మేం చూసింది కాగితం మీద ఒక గీతను మాత్రమే. ఎంజైము పనిచేస్తూ ఆక్సిజన్ తరుగుతుంటే గీత కిందికి దిగేది. ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు చిటికెడు కలిపితే అడ్డంగా నిలిచిపోయేది. అయితే జీర్ణాశయాన్ని దాని సొంత ఆమ్లం నుంచి కాపాడే జిగురు పొరకు కూడా ఈ ఎంజైమే ఆధారమని అప్పటికే తెలుసు. నేనూ చదివాను. పరీక్షలో రాశాను కూడా.

ఒకరోజు ఆయన చాయ్‌తో రెండు బిళ్ళలు మింగుతుంటే అట్ట తీసుకుని చూశాను. ఇండోమెథాసిన్.

"ఇవి ఏసుకోకుంటే కత్తి పట్టుడు కాదు బిడ్డా," అన్నాడు. పొద్దున్నే పరగడుపున రెండు, మధ్యాహ్నం ఇంకో రెండు. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చారట.

కొన్ని వారాలకు, ప్లాస్కు మూత బిగిస్తుంటే, మొహమాటపడుతూ అడిగాడు. "డాక్టరమ్మా, జెర కడుపుల మంటగుంటున్నది. బయటికి పోతే నల్లగ, తారు లెక్క పోతున్నది. ఏమన్న తక్లీఫా?"

తారులాగా నల్లగా పోతోందంటే లోపల నెత్తురు కారుతోందని అర్థం. అది నాకు క్షణంలో తెలిసింది. బిళ్ళలు మానెయ్యమనాలి. మానేస్తే ఆ చేతులు లేవవు. ఆ చేతులు లేవకపోతే నా గీతలు లేవు. మంచి ఫలితాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఇదంతా నేనప్పుడు ఆలోచించానా అంటే, ఆలోచించాను. ఐసు కరిగిపోతోందన్న వంక ఒకటి దొరికింది.

"తిన్నాక వేసుకోండి," అన్నాను. "ఒకసారి ఆసుపత్రిలో చూపించుకోండి."

"నువ్వున్నవ్ గదా," అన్నాడు.

ఆ మాటకైనా నేను ఆగి ఉండాల్సింది. బస్సు పోతుందని పరుగెత్తాను.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున వెళ్ళేసరికి ఆయన చోట వేరే మనిషి ఉన్నాడు. ఆదివారం పెద్దాయన నెత్తురు కక్కుకున్నాడనీ, ఆసుపత్రికి చేరేలోపే పోయాడనీ చెప్పాడు. ఖాళీ ప్లాస్కుతో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య నన్ను చూడగానే లేచి నిలబడి, పీట వేసింది.

"డాక్టరమ్మవు నువ్వేనా? రోజు నీ ముచ్చటే. దవాఖాన్ల చూపియ్యమని నేను కొట్లాడిన. ఆయనేమో 'మా డాక్టరమ్మకు చెప్పిన, తిన్నంక ఏసుకోమన్నది, ఏం పరేషాన్ లేదు' అన్నడు."

ఏడవాలనిపించింది గానీ ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది.

ఆమె గూట్లోంచి బిళ్ళల అట్ట తెచ్చింది. సగం ఖాళీ అయిన అట్ట. "నాకు మోకాళ్ళు గుంజుతున్నయ్. మిగిలినయి ఎందుకు పారెయ్యాల్నని నిన్నటి సంది నేనే ఏసుకుంటున్న. మంచియేనా?"

అట్ట ఆమె చేతిలోంచి లాక్కున్నాను. "వద్దమ్మా. వీటివల్లే ఆయన కడుపులో పుండయింది. వీటివల్లే పోయారు. నేను వైద్యం చదివిన డాక్టరును కాను."



"గిది నీకు ఇయ్యాల్నే తెలిసిందా బిడ్డా, ఆయన అడిగిన నాడు సుత తెలుసా?"

తెలుసన్నాను.