గది కోసం అన్న సగం మాట

ఆరేళ్లుగా ఒక సగం మాటను మోస్తున్నాను. పూర్తిగా అనివుంటే ఎవరో ఒకరు పట్టుకుని నిలదీసేవారు. సగమే అన్నాను కాబట్టి దొరకలేదు. ఆ తెలివి గుర్తొస్తేనే ఒళ్లు మండుతుంది.

మాది కల్లూరులో బట్టల దుకాణం. పక్క దుకాణం సరుకు గురించి ఎవరైనా అడిగితే మా నాన్న ఎప్పుడూ చెడుగా చెప్పేవాడు కాదు. "వాళ్లది కూడా మంచిదే, కానీ..." అని ఆపి, గుడ్డ కొలవడం మొదలుపెట్టేవాడు. మిగతాది కొనేవాళ్లే పూరించుకునేవాళ్లు. రంగు పోతుందేమో, ఉతికితే ముడుచుకుంటుందేమో. పాపం వాళ్లది, బేరం మాది. పదేళ్లకే నాకా విద్య వచ్చేసింది. నర్సింగు నాలుగేళ్లు చదివినా అంత బాగా రాలేదు.

ఖమ్మంలో నాతో నర్సింగు చదివిన జ్యోతిది చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం. ఇద్దరికీ ఒకేసారి డబ్లిన్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. నెల రోజులు ఆసుపత్రి వాళ్లే గది ఇచ్చారు. ఆ తర్వాత మీ తిప్పలు మీరు పడండన్నారు. ఆ ఊళ్లో ఒక్క గది చూపిస్తామంటే వీధి మలుపు దాకా మనుషులు నిలబడతారు. అలాంటి చోట కూడా నేను బేరమాడబోయాను. ఆ ఇంటావిడ నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది.

చివరికి జ్యోతే ఒక ప్రకటన పట్టుకుంది. ఆసుపత్రికి పది నిమిషాల నడక. ఇల్లుగలాయన తెలుగువాడు, పైగా మన జిల్లావాడు. ఒక్క గదిలోనే ఇద్దరం సర్దుకుందామనుకున్నాం.

"నువ్వే పోయి మాట్లాడరాదే. నాకు బేరం రాదు. నీ నోరుండంగ నాకేం ఫికర్?" అంది. తన మాట కూడా నాకే అప్పగించి డ్యూటీకి పోయింది.

ఆయన టీ ఇచ్చాడు. మా దుకాణం గురించి అడిగాడు. ఇంటిపేరు అడిగి, విని, తృప్తిగా తలూపాడు.

"ఆ రెండో అమ్మాయిది ఏ ఊరమ్మా?"

"చర్ల దిక్కు, అంకుల్."

"చర్లా? మనోళ్లేనా?"

ఆ 'మన' ఎంతవరకో నాకు తెలుసు. గల్లా పక్కన పెరిగినదాన్ని, మనిషి ముఖం చూస్తే తెలియదా? బేరం చెడుతోంది. శుక్రవారానికి ఆసుపత్రి గది ఖాళీ చేయాలి. మావాళ్లే అని అబద్ధం చెప్పొచ్చు. మీకెందుకండీ అని లేచి రావొచ్చు. నేనేం చేశాను?

"మంచి పిల్లే అంకుల్, కానీ..." అన్నాను. ఆపి, టీ తాగాను.

"అర్థమైందిలే తల్లీ. నువ్వొక్కదానివే వచ్చెయ్. కిరాయి కూడా తగ్గిస్తా."

అక్కడితో ఆగానా? మంచం మీదున్న రజాయి కూడా కలిపి ఇమ్మన్నాను. ఇచ్చాడు.

ఒక్కరికే ఇస్తారట అని జ్యోతికి చెప్పాను. "అవ్, పోనీలేవే. ఒక్కరికన్న దొరికింది గదా" అంది. నా పెట్టె ఆమే మోసుకొచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇప్పపువ్వు లడ్డూల్లో సగం నా డబ్బాలో పెట్టింది. గుమ్మంలో ఆయన ఆమెను లోపలికి రమ్మనలేదు. అది చూసి ఆమే, "చెప్పులు తడిసినయ్ అంకుల్, నేను ఈడనే ఉంట" అంది. ఆయన పరువు కాపాడింది. నాదీ కాపాడింది.

ఆమెకు ఊరి బయట, రెండు బస్సులు మారాల్సిన చోట ఒక మంచం దొరికింది. తొలి మూడు నెలలు వార్డులో మా పని చూసి, పాస్ చేస్తేనే ఉద్యోగం ఖాయం. పొద్దున మొదటి బస్సెక్కినా ఆమె డ్యూటీ వేళకు చేరేది కాదు. సూది వేస్తే రోగికి తెలియనంత మెత్తని చేయి ఆమెది. ఆలస్యాలే లెక్కలోకి వచ్చాయి. ఇంటికి పంపేశారు. నేను పది నిమిషాలు నడిచి వెళ్లి పాసయ్యాను.

ఆయన ఎలాగూ ఇచ్చేవాడు కాదు కదా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. ఇవ్వకపోతే ఆ మాట తన నోటితో అనేవాడు. ఆయనకు ఆ కష్టం కూడా లేకుండా నేనెందుకు చేశాను? ఆయన్ని తిట్టుకోవడం తేలిక. అదే ఇంట్లో రెండేళ్లు అంకుల్ అంకుల్ అంటూ తిరిగి, వాళ్ల పండగలకు పులిహోర కలిపినదాన్ని, ఏ ముఖంతో తిట్టను? మా నాన్నయితే దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు, మా పిల్ల పరాయి దేశంలో కూడా బేరమాడి రజాయి కొట్టుకొచ్చిందని. ఆ నవ్వు విన్నప్పుడల్లా గల్లాపెట్టె ఎత్తి రోడ్డు మీద పారేయాలనిపిస్తుంది.

పోయిన సెలవుల్లో భద్రాచలంలో ఆమె పనిచేసే దవాఖానాకు వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. మందుల ట్రే పట్టుకుని ఎదురొచ్చింది.

"గా ఇల్లు మంచిగుండెనానే?"

"మంచిదే, కానీ... చలి."

"రజాయి ఇచ్చిండన్నవ్ గదా!" అని పకపకా నవ్వింది.

ఆటో ఎక్కి వచ్చేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది ఆమెను. ఆ ధైర్యం ఇంకా రాలేదు. ఆ రోజు టీతో పాటు మింగేసిన మిగతా సగాన్ని మాత్రం మీ ముందు పెడుతున్నాను.

మంచి పిల్లే అంకుల్, కానీ కోయపిల్ల, మీరు రానివ్వరని నాకు తెలుసు, ఆ గది నాకు కావాలి.

రాశాను. ఇక ఎవరూ పూరించుకోనక్కర్లేదు.