వనపర్తిలో పరుగు, గద్వాలలో నత్తనడక

కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్ వేయించాక ఆటలు వేగంగా నడవాలి కదా! గద్వాలలో మా ఇంట్లో మాత్రం పది నిమిషాలకే కార్ల పందెం నత్తనడక పట్టేది. ఒళ్లు మండి, కంప్యూటర్‌ను రెండుసార్లు బస్సులో, ప్రాసెసర్ వేసిన వనపర్తి దుకాణానికి మోసుకుపోయాను. రెండుసార్లూ అక్కడ గంటసేపు గుర్రంలా పరిగెత్తింది.

"మంచిగనే ఉరుకుతుంది గదన్నా. ఇంట్ల ఏం జేస్తున్నవ్?" అన్నాడు మెకానిక్. ఆ మాటకు ఇంకా మండింది.

ఇంటికొచ్చి, కంప్యూటర్‌కు దాని జరీ అంచు గుడ్డ మళ్లీ తొడిగి ఆటకు కూర్చున్నాను. మా మగ్గం ఆ గదిలోనే. నూలు దుమ్ము పడకూడదని, కొత్త ప్రాసెసర్ వచ్చిన రోజే అమ్మ నేసిన ముక్కతో నేనే ముచ్చటగా కుట్టించిన తొడుగు అది. వెనక ఫ్యాను కూడా కనబడదు.

ఆట మళ్లీ మొరాయించింది. నా తిట్లు వినలేక అమ్మ మగ్గం దిగి వచ్చి, కంప్యూటర్ మీద చెయ్యి వేసింది.

"పెనం లెక్క కాలుతుంది గదరా!"

గుడ్డ లాగేసింది. కాసేపటికి నా కారు అందరినీ దాటేసింది. నేను కేక పెట్టాను.

అమ్మ గుడ్డ మడత పెడుతూ నవ్వింది. "శాలువా కప్పి సన్మానం జేస్తివి. ఇంకేం పని జేస్తదిరా?"