సఖీర్ తొవ్వలు

వాడి తెర మీద ఎర్ర గుర్తులు రెండో మూడో ఉంటే, నా తెర మీద తట్టు పోసినట్టు ఉండేవి. నా ఏడుపంతా అక్కడ మొదలైంది.

బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర మా కంపెనీకి ఒక గోదాము ఉంది. పైపులు వేసేవాళ్లకు ముందుగా నేల కొలిచి ఇచ్చే కంపెనీ మాది. గోదాము పైగదిలో పాత కాగితపు మ్యాపులు చుట్టలు చుట్టలుగా పడి ఉండేవి. వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్లో ఆ బొమ్మ మీద మౌస్‌తో మళ్లీ గీయాలి. రోడ్డుకు గీత, కట్టడానికి చుట్టూ గీత, బావికి చుక్క. రోడ్లూ బాటలూ ఒక లేయరు, కట్టడాలు ఒక లేయరు, నేల తవ్విన కందకాలు ఇంకో లేయరు. పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు అనుకోండి. ఈ పని నేర్చుకోవడానికి ఇద్దర్ని తీసుకున్నారు, నన్నూ వాణ్ణీ. కుర్చీ మాత్రం ఒకరికే. నేర్చుకున్నాక ఒకరు ఆఫీసులో ఉంటారు, రెండోవాడు ఎండలోకి పోవాలి. ఆ మాట మొదటిరోజే చెప్పారు.

ఆ కుర్చీ నాకెందుకు కావాలో కూడా చెప్తాను. కిందటి ఎండాకాలం సఖీర్ ఎడారిలో కొలత కర్ర పట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కూలిపోయాను. కళ్లు తెరిచేసరికి హెల్త్ సెంటర్లో ఉన్నాను. ఇంకోసారి ఇలా అయితే బతుకుతావని నేను చెప్పలేనన్నాడు డాక్టరు. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య ఒకటే మాట అంది. "నీడపట్టున పని దొరికితె ఉండు. లేకుంటె అచ్చెయ్యి. మనిషివి మిగిలితె సాలు." జగిత్యాలకు పోయి ఏం చేయాలో నాకు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా దుబాయి బతుకే బతికినవాణ్ణి. మా ఊళ్లో బహ్రెయిన్‌ని కూడా దుబాయే అంటారు. అందుకని ఆ కుర్చీ నాకు దక్కి తీరాలి. మధ్యలో వీడొకడు తగిలాడు.

వీడిది కాకినాడ వైపు. నాకంటే బాగా చిన్నవాడు, వచ్చి నిండా ఏడాది కాలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. కొమ్ములైనా భరించేవాణ్ణేమో, వీడికి వేళ్లు వాడి. మౌస్ పట్టుకుంటే వెన్నతో పెట్టిన విద్యలాగా గీత పరుగెత్తేది. నా చేతికి అలవాటైంది కర్ర. మౌస్‌ని కూడా కర్ర పట్టినట్టే పట్టేవాణ్ణి, అది ఒకచోట ఆగేది కాదు.

మాకు నేర్పింది ఒక మలయాళీ మేడం. అందరం చేచ్చీ అనేవాళ్లం, వాళ్ల భాషలో అక్క అని. హిందీలో చెప్పేది. స్కాన్ చేసిన షీటు నేల మీద ఎక్కడిదో కంప్యూటరుకు తెలియదు కదా. షీటు మీద అక్కడక్కడా కూడిక గుర్తులు అచ్చయి ఉంటాయి. వాటి మీద సరిగ్గా నొక్కి, పక్కనున్న అంకెలు కొట్టాలి. మనం ఎంత తప్పు నొక్కామో కంప్యూటరే చూపిస్తుంది. నాది చూసి చేచ్చి "ఫిర్ సే" అనేది, మళ్లీ చెయ్యమని. వాడిది చూసి ఏమీ అనేది కాదు, తల ఊపి వెళ్లిపోయేది. ఆ తల ఊపు చూస్తే నాకు కడుపులో మండేది. గీతలు గీసేటప్పుడూ అంతే. గీతకు గీత ఆనాలి, వెంట్రుకవాసి ఎడం ఉన్నా తనిఖీలో ఎర్ర గుర్తు పడుతుంది. సాయంత్రం తనిఖీ పెట్టగానే నేను ముందు చూసేది నా తెర కాదు, వాడిది.

ఒకసారి నేను ఒక కట్టడం చుట్టూ గీస్తుంటే చేచ్చి వెనక నిలబడి "బంద్ కరో" అంది. గీతను తెచ్చి మొదటి చుక్కకు కలిపి మూసెయ్యమని ఆవిడ ఉద్దేశం. నేను ఏకంగా ప్రోగ్రామునే మూసేశాను. సేవ్ చేయాలా అని అది అడిగితే కంగారులో వద్దని నొక్కాను. పొద్దుటి నుంచి గీసిందంతా గంగలో కలిసింది. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. "నాక్కూడా ఓసారి అలాగే అయిందన్నయ్యా" అన్నాడు. పచ్చి అబద్ధం. నన్ను ఓదార్చడానికి అబద్ధం ఆడేంత మంచివాడు. ఆ మంచితనం కూడా నాకు కంటగింపే.

అస్కర్ లేబర్ క్యాంపులో ఇద్దరిదీ ఒకటే గది. శుక్రవారం వాడు తెలుగు ఫెలోషిప్‌కు పోయి, పాటలు పాడి, వచ్చేటప్పుడు నాకో బిర్యానీ పొట్లం తెచ్చేవాడు. వీడికి పాట కూడా వచ్చా అని ఏడుస్తూనే తినేవాణ్ణి. ఓ శుక్రవారం పొట్లం చేతికిస్తూ, "ప్రార్థనలో నీ సంగతి కూడా పెట్టించానన్నయ్యా. నీకు ఎండ పని తప్పాలని" అన్నాడు.

"మరి నీ సంగతేంది? నువ్వు పోతవా ఎండలకు?" అన్నాను.

"దేవుడు చూసుకుంటాడులే అన్నయ్యా."

చూసుకుంటాడు, ఎందుకు చూసుకోడు. అప్పటికే నా భార్యను కూడా బుట్టలో వేశాడు. ఒకరోజు నేను స్నానానికి పోతే ఫోన్ ఎత్తి "వదినా" అని పలకరించాడట. నేను వచ్చి ఫోన్ అందుకుంటే ఆమె, "పిలగాడు బంగారం. ఆయన దగ్గర నేర్సుకో జెర" అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

తర్వాత సఖీర్ షీట్లు వచ్చాయి. చెరో సగం పంచారు. బాగా పాతవి, అంచులు చిరిగి, ఏ గుర్తుకు ఏం అర్థమో చెప్పే పట్టీ ఊడిపోయింది. ఎడారి నిండా తెగిపోయిన గీతలు జంటలు జంటలుగా పాకి ఉన్నాయి. నాకు చూడగానే తెలిసింది. బండ్లు తిరిగి తిరిగి ఇసుకలో పడ్డ బాటలు అవి. వాడికి తెలియలేదు.

"ఇయ్యేంటన్నయ్యా, ఈ జంట గీతలు?" అని అడిగాడు.

నేను తల కూడా తిప్పలేదు. వాడికి వివరంగా చెప్పడానికి నోరు రాలేదు. "గవి పాత తొవ్వలు" అని రెండు ముక్కలు పడేసి నా పనిలో పడ్డాను. వాడు సరేనన్నాడు. సాయంత్రానికి వాడి షీట్లన్నీ అయిపోయాయి, నావి సగం కూడా కాలేదు. ఆ పూట వాడి వైపు చూడబుద్ధి కాలేదు.

మర్నాడు చేచ్చి వాడి పని తెరిచి చూసింది. చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి తిప్పి, "యే సబ్ కిస్‌నే ఖోదా?" అంది. ఇదంతా ఎవరు తవ్వారని. లేచి వెళ్లి చూశాను. సఖీర్‌లోని బాటలన్నీ కందకాల లేయరులో ఉన్నాయి. తెర మీద ఎడారిని ఏదో పిచ్చి పట్టిన సైన్యం తవ్విపోసి పోయినట్టుంది. పైపులు వేసేవాళ్ల చేతికి ఆ మ్యాపు పోయి ఉంటే అడుగడుగునా కందకమే అనుకునేవాళ్లు.

వాడు లేచి నిలబడ్డాడు. నా వంక ఒక్కసారి చూసి, చేచ్చి వైపు తిరిగి, "మేరీ గల్తీ" అన్నాడు. నా ఊసెత్తలేదు. అదిగో, ఆ మంచితనమే నన్ను రెచ్చగొట్టింది. తప్పు చేసి కూడా మంచివాడు అనిపించుకుంటాడా?

"తొవ్వ అంటె బాటరా తమ్మీ. గంత తెల్వదా?" అన్నాను, గదిలో అందరికీ వినబడేటట్టు.

వాడు తెల్లబోయాడు. "తొవ్వడం కాదా అన్నయ్యా? మావైపు నుయ్యి తొవ్వడం, చెరువు తొవ్వడం అంటాం కదా. పాత తొవ్వలంటే, ఎప్పుడో తొవ్వేశారేమో అనుకున్నాను."

చేచ్చికి ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ చూసింది. నేను హిందీలో విడమర్చి చెప్పాను. మా వైపు తొవ్వ అంటే రాస్తా, వీళ్ల వైపు తవ్వడం. ఆవిడ పకపకా నవ్వింది. అక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. దొరక్క దొరికిన అవకాశం. తెర మీద వేలు పెట్టి, అరటిపండు ఒలిచినట్టు ఒక్కో గీతా చెప్పుకుంటూ పోయాను. ఇది నూనె బావుల వైపు పోతుంది. ఇది ఒంటెల కొట్టం దాకా పోయి ఆగుతుంది. దీని మీద ఇసుక కప్పింది, బండి దిగబడుతుంది. దీనికి ఇప్పుడు కంచె అడ్డం వేశారు, మ్యాపులో ఉన్నా నేల మీద లేదు. అన్నీ నేను కర్ర మోసుకుంటూ నడిచినవే.

"తుమ్ కో సబ్ మాలూమ్ హై?" అంది చేచ్చి. నీకివన్నీ తెలుసా అని.

"సబ్" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి తల ఊపింది, అన్నాళ్లూ వాడికే దక్కిన తల ఊపు. వాడి మొహం చిన్నబోయింది. హాయిగా అనిపించింది నాకు, అబద్ధమెందుకు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి కుర్చీ నాదే అని చెప్పేశాను. నా భార్య అప్పుడే ఎవరికో చెప్పడానికి పక్కింటికి పోయింది.

రెండు రోజుల తర్వాత చేచ్చి నన్ను ఒక్కణ్ణే పిలిచింది. మొహం నిండా నవ్వు. హిందీలో చెప్పింది. గీయడానికి మనుషులు దొరుకుతారట. ఈ గీతల్లో నేల మీద ఏవి మిగిలాయో, ఏవి చెరిగిపోయాయో పోయి చూసి చెప్పేవాడు కంపెనీ మొత్తానికి నేనొక్కణ్ణేనట. కంపెనీ పెద్దాయనకు కూడా చెప్పిందట, ఆయన చాలా సంతోషించాడట. మెచ్చుకుంటూనే నన్ను ఎండలోకి రాసేసింది.

"చేచ్చీ, ధూప్..." అని నీళ్లు నమిలాను.

పొద్దున్నే పోయి ఎండ ముదరకముందే వచ్చెయ్యమంది. బండి ఇస్తారు, నీళ్ల పెట్టె ఇస్తారు. ఖలాస్.

తొవ్వ చూపించబోయి గొయ్యి తవ్వుకున్నాను. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే వాడి తప్పు వాడి మీదే ఉండేది. వాడి పరువు తియ్యడానికి తెరిచిన నోరు నన్నే తీసుకెళ్లి సఖీర్‌లో నిలబెట్టింది. గదికి పోతే వాడు మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. "నన్ను పంపమని అడిగానన్నయ్యా. ఒప్పుకోలేదు" అన్నాడు. ఈసారి అది అబద్ధం కాదని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఇంటి నుంచి ఫోన్ వస్తే, "ఏసీల కూసుంటున్నవా?" అంటుంది నా భార్య. కూసుంటున్న అంటాను.

ఇప్పుడు రోజూ పొద్దున బండి నన్ను ఎడారిలో దింపుతుంది. కాసేపటికి వాడి ఫోన్ వస్తుంది. మ్యాపులో నేనెక్కడున్నానో నా ఫోన్‌ను బట్టి వాడికి కనబడుతుంది. నిన్న కూడా చేశాడు.

"అన్నయ్యా, నీకు ఎడం పక్క జంట గీతలున్నాయి చూడు. అది తొవ్వేనా?"

చూశాను. ఇసుకలో సన్నగా, ఇంకా ఉంది.

"తొవ్వనే" అన్నాను.

అవతల మౌస్ టిక్కుమంది. "ఇంకోటుంది అన్నయ్యా, కాస్త దూరంలో. అక్కడిదాకా నడుస్తావా?"

నడిచాను.