ముల్లుతో గీకిన ఆకులు

నా చిన్నప్పుడు మా ఊళ్లో కాగితానికి కరువు గానీ తునికాకుకు కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఇల్లందు అవతల అడవి అంచున ఉన్న మా గూడెమంతా తెల్లారకముందే కోతకు పోయేది. మధ్యాహ్నం నీడన కూర్చుని, బీడీలకు కొనే ఆ ఆకును కట్టలు కట్టేవాళ్లం.

పక్కింటి అక్క పదో తరగతి పాసైంది. ఆ వేసవి ఆకు అమ్మిన డబ్బుతోనే ఖమ్మంలో నర్సు చదువుకు పోవాలని ఆమె ఆశ. బొగ్గు బావిలో పనిచేసే మామ ఇచ్చిన పాత డిక్షనరీ ఆమెకు ప్రాణం. నాకేమో ఇంగ్లీషంటే జ్వరం వచ్చేది. అందుకే అక్క ముల్లుతో ఆకు మీద గీకి ఇంగ్లీషు మాటల చివర్లు నేర్పేది.

"'ఫుల్' అంటే నిండుగ. 'లెస్' అంటే లేకుండ. పెయిన్‌లెస్, నొప్పి లేకుండ. గివి ఇంగ్లీషోళ్ల సొంతయి. 'ఏబుల్' లాటినోళ్లది, ఫ్రెంచోళ్ల కాడికెళ్లి వచ్చింది. పెద్ద మాటను చూసి భయపడకు పిల్లా, తోక పట్టుకో."

గీకిన చోట నల్లబడి అక్షరం తేలేది. ఎంత ముచ్చటేసేదో! గీకిన ఆకు బీడీకి పనికిరాదు, పక్కన పెట్టమంది అక్క. గాలికి పోతాయని నేను వాటిని ఆమె కట్టల్లోనే దాచాను. తర్వాత తీద్దామనుకుని ఆటలో పడి మరిచిపోయాను. నా పాడు బుద్ధి.

ఆకు కొనే కల్లం దగ్గర గుమస్తా కట్ట విప్పాడు. "ఏందిది? ఎవలు గీకిండ్రు?" అని అరిచాడు. అక్క నావైపు ఒక్కసారి చూసి "నేనే సారూ" అంది. కట్టలన్నీ విసిరికొట్టి, ఈ ఏడు మీ ఇంటి ఆకు తేవద్దన్నాడు. నేను మా అమ్మ వెనక నిలబడ్డాను. నోరు లేవలేదు.

అక్క ఖమ్మం పోలేదు. మరుసటి రోజు కూడా నన్ను పిలిచి 'నెస్' నేర్పింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ చివర్లతోనే నేను ఇంగ్లీషు టీచరునయ్యాను, రిటైరయ్యాను. మొన్న వేసవిలో తప్పు ఒప్పుకుందామని కల్లూరులో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. ఆమెకు మతిమరుపు. "ఎవలమ్మా నువ్వు?" అంది. ఏడుస్తూ అంతా చెప్పాను. కథ విన్నట్టు విని, నా చెయ్యి నిమిరింది.

"అయ్యో పాపం. మరి ఆ అక్క చదువుకున్నదా?"

లేదని చెప్పడానికి నాకు ఆ రోజూ నోరు లేవలేదు. ఆమె నేర్పిన చివర్లన్నీ నాకు గుర్తున్నాయి. నన్ను క్షమించాల్సిన మనిషికి మాత్రం ఏదీ గుర్తులేదు.