అందరూ దిగారని రాయాల్సిన రోజు

ఆగస్టు, రెండో గురువారం. హాజరైనవారు: ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు, బయటి సభ్యుడిగా నేను. పరీక్షల విభాగం గుమస్తా కూడా హాజరే, కాకపోతే నాలుగో అంతస్తులో.

ఆ రోజు డైరీలో ఇలాగే రాసుకున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డులు చూసి రిటైరైనవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వీధిలో ఉండే ప్రిన్సిపాల్, ఎల్‌బీ నగర్ దాటాక హైవే పక్కనున్న తమ కాలేజీ భద్రతా కమిటీలో నన్ను వేసుకున్నారు. "మీరుంటే కాగితాలు పక్కాగా ఉంటాయండి" అన్నారు. ప్రమాదాల మాట మాత్రం ఎత్తలేదు.

మంటలు లేస్తే భవనం ఎలా ఖాళీ చేయాలో ఆ రోజు రిహార్సల్. పదకొండింటికి సైరన్. సమయం ముందు రోజే వాట్సాప్‌లో పెట్టడంతో పిల్లలూ లెక్చరర్లూ పదిన్నరకే దిగి, మైదానంలో నీడ చూసుకుని కూర్చున్నారు. సైరన్ మోగేసరికి దిగాల్సినవాళ్లెవరూ కనిపించలేదు. 'ఖాళీ చేయడానికి పట్టిన సమయం' అన్నచోట ఏం రాయాలో తెలియక ఒక లెక్చరర్ అడ్డగీత పెట్టారు.

నేను హాజరు పట్టీలు పట్టుకుని తలలు లెక్కపెట్టాను. ఒకరు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడు పైకి చూస్తే, గుమస్తా కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి, చంకకర్రతో నడుస్తుంది. మంటలప్పుడు లిఫ్ట్ వాడకూడదు కనుక సైరన్‌తోపాటే దాన్ని ఆపేశారు. కిందనుంచి కొందరు పిల్లలు ఆమెకు తిరిగి చెయ్యి ఊపారు.

లిఫ్ట్ మళ్లీ వేశాక పైకి వెళ్లాను.

"దిగలేదేందమ్మా?"

"సైరన్ మోగినంక దిగాలన్నరు కద సార్. మాట విన్నది నేనొక్కదాన్నే అయినట్టున్న" అని నవ్వింది. "గీ ఆఫీసు కిందికి మార్చుమని రెండేండ్ల సంది అర్జీ పెడుతున్న. కింద జాగ లేదంటరు. ఇయ్యాల ఉత్తుత్తి మంట గనుక సరిపాయె. నిజంగ అంటుకుంటే నేనెట్ల దిగాలె?"

కిందికొచ్చి ప్రిన్సిపాల్‌కు చెప్పాను.

"ఒక్కరే కదండీ. అందరూ దిగారని రాసేద్దాం."

"పట్టీలో ఆమె ఉంది, మైదానంలో లేదు. సంతకం ఎలా పెట్టను?"

"ఆ తేడా నేను చూసుకుంటాను లెండి."

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి చూసుకున్నారు. పట్టీలో గురువారం గడిలో ఆమె సంతకం మీద ఎర్ర సిరాతో 'సెలవు' అని రాసి ఉంది. లెక్క సరిపోయింది. ఇక సెలవు చీటీ ఒక్కటే తక్కువ. అది ఆమెనే రాసివ్వమన్నారు.

"నిన్న హాల్ టికెట్లన్నీ ప్రింట్ తీసిన సార్, సెలవుల ఉండి" అంది, రాస్తూనే. రాసిన చీటీ నాకు చూపించింది: 'నిన్న రిహార్సల్‌లో లిఫ్ట్ ఆపినందున నాలుగో అంతస్తు నుంచి దిగలేక అక్కడే ఉండిపోయాను. కావున ఆ రోజుకు సెలవు మంజూరు చేయగలరు.'

ప్రిన్సిపాల్ ఫోన్ మాట్లాడుతూనే 'మంజూరు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. ఆమె దిగి, గేటు ముందున్న జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించింది. ఒకటి తన అర్జీకి జత చేసింది, ఇంకొకటి నాకిచ్చింది. నేను దాన్ని రిపోర్టుకు పిన్ చేసి, అప్పుడు సంతకం పెట్టి, రెండు కాగితాలూ కలిపి ఆయన బల్ల మీద పెట్టాను. ఈసారి ఆయన చదివారు.

"మీరు కూడానా అండీ?"

"చీటీ కింద సంతకం మీదే కదా, ఒకసారి చూసుకోండి" అన్నాను.

పన్నెండింటికి కింద స్టోర్‌రూమ్ తాళం తీశారు. ఆమె బల్లా బీరువా ఒక్కొక్కటే దించారు. స్టోర్‌లోంచి బయటపడ్డ ఇసుక బకెట్లూ, మంటలార్పే సిలిండర్లూ ఎక్కడ పెట్టాలని అటెండర్ అడిగాడు. ఆమె గది ఖాళీ అయింది కాబట్టి, ప్రస్తుతానికి నాలుగో అంతస్తులో పెట్టి తాళం వేయమన్నారు ప్రిన్సిపాల్.